అమ్మమ్మ నోట్లో నిప్పు

ఈరోజు మా అమ్మమ్మను హౌరాలో రూట్ కెనాల్ స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. మొదటిరోజే డ్రిల్లు పెట్టేస్తారని ఇంట్లో అందరూ భయపెట్టారు. అదేమీ లేదు. ఎక్స్‌రే తీశారు, పళ్లు ఒక్కొక్కటీ తట్టి చూశారు. తర్వాత నొప్పి పన్నుకు కాస్త వేడి తగిలిస్తానని, చురుక్కుమంటే చెయ్యెత్తమని డాక్టరు బెంగాలీలో చెప్పాడు. నరం బతికుందో లేదో తెలుసుకోవడానికట.

అమ్మమ్మ దాన్ని ధైర్యానికి పోటీ అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగినా చెయ్యి మాత్రం ఎత్తలేదు.

"దిదా, నిజంగా ఏమీ తెలియలేదా?" అన్నాడాయన. దిదా అంటే బెంగాలీలో అమ్మమ్మ.

"నిప్పే నోట్లో ఎట్టుకున్నదాన్ని, ఇదేటి నాకో లెక్క?" అంది నావైపు తిరిగి తెలుగులో.

ఆవిడేమందని డాక్టరు నన్నడిగాడు. శ్రీకాకుళం వైపు పాతకాలం ఆడవాళ్లు చుట్ట వెలిగించి నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారని, అమ్మమ్మకూ అదే అలవాటని చెప్పాను. ఆయన పన్ను వదిలేసి లైటు అంగిలి మీదికి తిప్పాడు. చాలాసేపు చూశాడు. పన్ను దక్కుతుంది, ముందు అంగిట్లో ఉన్న ఈ తెల్లమచ్చకు పరీక్ష చేయించండి, తొందరగా వచ్చారు కాబట్టి భయం లేదు, చుట్ట మాత్రం ఈరోజే మానాలి అన్నాడు.

బయటికి రాగానే అమ్మమ్మ రొంటిన దోపుకున్న చుట్టలు తీసి నా చేతిలో పెట్టింది.

"పన్ను బాగయ్యేదాకా నీకాడుంచు."

మళ్లీ ఇవ్వనని ఆవిడకింకా చెప్పలేదు. వీటిని ఎక్కడ దాచాలో మీరే చెప్పండి. ఈ ఇంట్లో నాకు తెలిసిన ప్రతి మూలా ఆవిడ చూపించిందే.