మేఘవీరుడి గొంతు కోసం మా గల్లీ నోరు కట్టుకుంది

ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. మంచినీళ్ల డ్రమ్ము కడిగి బోర్లించి వచ్చి కూర్చున్నాను.

మా చిన్నప్పుడు... హుస్సేనీ ఆలంలో మా గల్లీ మొదట్లో ఖాజా చాచా చాయ్ హోటల్ ఉండేది. ఆదివారం మధ్యాహ్నం పిల్లలమంతా అక్కడి రేడియో ముందు నేల మీద కూర్చునేవాళ్లం. పిల్లల కార్యక్రమంలో మేఘవీరుడు వచ్చేవాడు. మబ్బుల్లోంచి దిగి, ఆపదలో ఉన్నవాళ్లను ఎత్తుకుపోయి కాపాడేవాడు. బొమ్మ లేదు, వేషం లేదు... ఉన్నదంతా గొంతే. ఆ గొంతు వినపడగానే ఒళ్లు జలదరించేది.

అది మా లక్ష్మణన్న గొంతు. బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో గుమాస్తా. సెలవు రోజున రేడియోకు పోయి మేఘవీరుడయ్యేవాడు.

కథ ముగింపుకు వచ్చిన సమయంలో ఆయనకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గినా బొంగురు తగ్గలేదు. రికార్డింగ్ దాకా ఒక్క మాట మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దు అన్నాడట డాక్టరు. గొంతు రాకపోతే చివరి భాగం వేరే ఆయనతో చెప్పిస్తామన్నారు రేడియోవాళ్లు. లక్ష్మణన్న తన కొడుకు పలక తీసుకుని "నేనే చెప్తా" అని రాసి గూట్లో నిలబెట్టాడు.

కానీ మా గల్లీలో నోరు కట్టుకోవడం తేలిక కాదు... ఎదురుపడిన మనిషిని పలకరించకపోతే మర్యాద కాదు, పలకరిస్తే బదులివ్వకపోవడం ఇంకా తప్పు. "తిన్నవా అన్నా" అని ఎవరైనా అంటే చాలు, అలవాటుగా ఆయన నోరు తెరిచేవాడు.

చివరికి ఆయన భార్య సత్తెమ్మక్క నల్లా దగ్గర అందరికీ దండం పెట్టింది.

"మీ కాళ్లు మొక్కుత, మా ఆయనను పలకరియ్యకుండ్రి. మీరు అడిగితె ఆయన ఊకోడు."

"గంతేనా?" అన్నాడు ఖాజా చాచా. "ఇగ సలాం గూడ బంద్. ఎవడన్న నోరిప్పితె వానికి నా హోటల్ల చాయ్ లేదు."

అంతే... లక్ష్మణన్న బయటికి రాగానే గల్లీ మొత్తం మొహం తిప్పేసుకునేది. ఇస్త్రీ భాయ్ బట్టల వైపు, పిల్లలం గోడ వైపు.

ఇదేమీ తెలియక ఊరి నుంచి ఆయన అక్క పోచమ్మ వచ్చింది. బస్సు దిగి, మూట నెత్తిన పెట్టుకుని ముందు పోతున్న తమ్ముణ్ని చూసి వెనకే గల్లీలోకి నడిచింది. ఒక్కొక్కరే మొహం తిప్పుకోవడం చూసింది. తమ్ముణ్ని వెలివేశారనుకుంది. మూట నడివీధిలో దించింది.

"ఏం తప్పు జేసిండు మా తమ్ముడు? మీ కొంపలేమన్న ముంచిండా? గట్ల మొఖాలు తిప్పుతుండ్రేంది?"

"అమ్మా, జర ఆగు. గట్ల కాదు..." అన్నాడు చాచా.

"నువ్వు ఆగవయ్యా. నీ చాయ్ తాగకుంటె సస్తమా?" అని తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు తమ్మీ. ఏమైందిరా?"

తల్లి పోయాక ఆయనను పెంచిన మనిషి ఆమె. ఆమె అడిగితే ఊరుకోలేకపోయాడు... నోరు తెరిచాడు.

సత్తెమ్మక్క నల్లా కింద బిందె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. నలుగురిలో భర్త పక్కన నిలబడటానికే సిగ్గుపడే మనిషి, అరచేత్తో ఆయన నోరు గట్టిగా మూసేసింది.

"వదినా, తిట్టేదుంటె నన్ను తిట్టు. ఈయనను మాత్రం మాట్లాడనియ్య."

సంగతంతా విన్నాక పోచమ్మ మూట ఎత్తుకుని తమ్ముడి ఇంటికి నడిచింది. ఆ పూట నుంచి కట్టె పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "మా తమ్మున్ని పలకరించినోని కాళ్లిరగ్గొడ్త" అనేది. రికార్డింగ్ అయిపోయినా, రేడియోలో తన చెవులతో వినేదాకా నోరిప్పొద్దంది.

చివరి భాగం వచ్చిన ఆదివారం హోటల్ నిండిపోయింది. ఆడవాళ్లు బయట నిలబడ్డారు. చప్పుడు కాకుండా చాచా పొయ్యి ఆర్పేశాడు. మేఘవీరుడు వచ్చాడు... గొంతు కాస్త గరుకుగా ఉంది, ఎక్కడా తడబడలేదు. చివరి మాట దాకా ఆయనే.

పోచమ్మ రేడియోను చూసింది, తమ్ముణ్ని చూసింది.

"గిదంత నీ గొంతేనారా?"

"నాదే అక్కా" అన్నాడు లక్ష్మణన్న.

ఇప్పుడూ మా గల్లీలో ఎవరూ ఎవరినీ పలకరించరు... కాకపోతే ఎవరి గొంతునో కాపాడటానికి కాదు. నేనూ తల దించుకునే పోతుంటాను. మీ గల్లీ అంతా పట్టుబట్టి నిలబెట్టుకున్న మనిషి ఎవరైనా ఉంటే రాయండి... చదువుతాను.