సీలు విప్పని ఆరు ర్యాములు

మొన్న శనివారం, మేడ మీద ఉండే మా తమ్ముడి కూతురు దిగి వచ్చి తన ఫోను నా చేతిలో పెట్టింది. ఆటలు ఆడుకోవడానికి సొంతంగా కంప్యూటరు కట్టుకుంటుందట. మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యాము ఒక్కొక్కటీ ఎంచి వరుసగా పెట్టుకుంది, ఒకదానికొకటి సరిపోతాయని ఆ వెబ్‌సైటే చెప్పి పక్కన పచ్చ గుర్తు కూడా వేసింది. ఇంక నన్ను అడిగేదేముందని నేనంటే, "డాడీ చెప్పిండు అత్తా, మీ అత్త చూస్తే చూసినట్టే, ఆమె చూడకుండ ఏం కొనకు అన్నడు," అంది నవ్వుతూ. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు.

ఆ పచ్చ గుర్తును నమ్మక, బోర్డు తయారుచేసినవాళ్ల పేజీ తెరిచి, దానికి ఏయే ర్యాములు నప్పుతాయో వాళ్లిచ్చిన జాబితా అంతా కళ్లద్దాలు తుడుచుకుంటూ చదివాను. ఈ కొత్త ప్రాసెసరును ఆ బోర్డు గుర్తుపడుతుందో లేదో వెతికాను, మళ్లీ మొదటి నుంచి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పిల్ల ఆర్డరు పెట్టేసి పైకి వెళ్లిపోయింది, నేను మాత్రం పొయ్యి మీద పాలు పొంగిపోయిన వాసన వచ్చేదాకా వరండాలో పచార్లు చేస్తూనే ఉన్నాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పాతికేళ్ల కిందట కంప్యూటరు కొనడమంటే ఇంట్లో నలుగురూ కలిసి బయల్దేరే పని. అబిడ్స్‌లో ఒక మేడ మీద రెండు గదుల దుకాణంలో నేను కంప్యూటర్లు బిగించేదాన్ని. మెదక్ మిషన్ హాస్టల్లో చదివి వచ్చిన పిల్ల టైపు నేర్చుకుంటే ఏదో ఆఫీసులో కుర్చీ దొరక్కపోదని మా అమ్మ ఆశపడితే, నేను వెళ్లి స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. వచ్చినవాళ్లు నన్ను చూసి, బిగించే ఆయన ఎప్పుడొస్తాడని అడిగేవాళ్లు, నేనేనని చెబితే నమ్మక నా వెనక గదిలోకి తొంగి చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఆ మంట వల్లనే పని బాగా నేర్చుకున్నానేమో, ఆ మంట వల్లనే కొంత పొగరూ వచ్చిందేమో.

ఏది దేనికి నప్పుతుందో చెప్పే వెబ్‌సైట్లు అప్పుడెక్కడివి? ర్యాము అంచున ఉండే గాట్లు చూసి అది బోర్డులో దిగుతుందో లేదో చెప్పవచ్చు గానీ, దిగినదల్లా పనిచేస్తుందని కాదు. అందుకని మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. కొత్త బోర్డును దాని అట్టపెట్టె మీదే పరిచి, ప్రాసెసరు పెట్టి, మా బల్ల మీద ఎప్పుడూ ఉండే పాత ర్యామును గుచ్చి స్విచ్చి వేసేవాళ్లం. ఆ పాత ర్యాము మా చిన్నమ్మ లాంటిది, ఎవరింటికి పంపినా సర్దుకుపోయేది. బోర్డు నుంచి ఒక్క పొట్టి కూత వినిపిస్తే అంతా కుదిరినట్టు, ఆగి ఆగి పొడుగ్గా కూస్తే ర్యాము దగ్గర పేచీ ఉన్నట్టు. కొన్నవాళ్ల కొత్త ర్యామును మాత్రం మేం ముట్టుకునేవాళ్లం కాదు, వాళ్లే వచ్చి తమ చేత్తో సీలు విప్పాలి, అది వాళ్లకొక తృప్తి. ఆ తర్వాత వాళ్ల ఎదుటే దాన్ని గుచ్చి, మళ్లీ ఆ కూత వినిపించి అప్పగించేవాళ్లం.

ఆ రోజుల్లోనే మా తమ్ముడు గన్‌ఫౌండ్రీలో చేస్తున్న గుమాస్తా ఉద్యోగం మానేసి, నాంపల్లి స్టేషను ఎదురు సందులో ఒక లాడ్జి కింద గది కిరాయికి తీసుకున్నాడు. ఆరు కంప్యూటర్లు పెట్టి, కాలేజీ పిల్లలు వచ్చి గంటల లెక్కన ఆటలు ఆడుకునే పార్లరు తెరుస్తానన్నాడు. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. మా నాన్న వాడితో మాట్లాడడమే మానేశాడు. వాడి పక్షాన నిలబడింది నేనొక్కదాన్నే, ఆరు మిషన్లూ నేను బిగించి ఇస్తానని ఇంటిల్లిపాది ముందూ మాటిచ్చాను.

వాడి చేతికి అందిన బోర్డులు కొంచెం పాత రకానివి. ర్యాముల కోసం అబిడ్స్‌లోనే మెట్ల కింద ఇరుకు దుకాణం నడిపే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. వాళ్ల నాన్న కాలంలో అక్కడ రేడియో సామాను అమ్మేవారట, ఈయన కాలానికి ర్యాములు, డిస్కులు వచ్చాయి. ఏ బోర్డులని ఆయన అడిగాడు. నా పొగరుకొద్దీ, అదంతా నేను చూసుకుంటాను, ఆరూ ఇవ్వండి చాలన్నాను. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని కవరు లోంచే చూపించాడు. "గివి ఒక దిక్కే చిప్పులున్న మాల్ బిడ్డా, పాత బోర్డులైతే తీసుకోవు. జర ఒక్కటన్న పెట్టి చూసుకో, నడువకుంటే గీడికే తీస్కరా," అన్నాడు. నేను తల ఊపి సంచిలో వేసుకున్నాను.

దుకాణంలో ఆరు బోర్డులనూ బల్ల మీది పాత ర్యాముతోనే పరీక్ష చేశాను, ఆరూ చక్కగా కూశాయి. పెద్దాయన మాట గుర్తుకు రాకపోలేదు, కానీ ఒక్క సీలైనా విప్పడానికి నాకు చెయ్యి రాలేదు. ఆరూ తమ్ముడి చేతనే, ప్రారంభం నాడు, అందరి ముందూ విప్పించాలని నా కోరిక.

ఆదివారం చర్చి అయ్యాక పాస్టరుగారు పార్లరుకు వచ్చి ప్రార్థన చేశారు. మా నాన్న కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తమ్ముడు కొత్త చొక్కాలో చెమటలు కక్కుతూ మొదటి సీలు విప్పి ర్యాము నా చేతికిచ్చాడు, నేను గుచ్చి స్విచ్చి వేశాను. పొడుగ్గా, ఆగి ఆగి కూత. రెండోది, మూడోది, ఆరూ అంతే. గదంతా ఆరు మిషన్ల కూతలే. మా నాన్న చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"ఏ బోర్డులో గా ముసలాయనకు చెప్పినవా అక్కా?" అని తమ్ముడు అడిగాడు. వాడి కళ్లల్లో నీళ్లు. చెప్పలేదని ఒక్క మాట అంటే అయిపోయేది. "చెప్పిన. ఆయననే వేరేవి ఇచ్చిండు," అన్నాను.

వాడు అప్పటికప్పుడే అబిడ్స్‌కు నడిచాడు. ఆదివారం కదా, దుకాణాలు మూసి ఉన్నాయి, షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరిచి అమ్ముతున్నారు. సోమవారం తలుపు తీసేసరికల్లా వెళ్లి, నలుగురు గిరాకీల ముందు పెద్దాయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను వాడి వెనకే ఉన్నాను. పెద్దాయన ఒక్కసారి నా వైపు చూశాడు. "సరే నాయనా, నేనే జర చూసుకోకపోతి," అని ఆరూ వెనక్కి తీసుకుని, రెండు వైపులా చిప్పులున్నవి ఇచ్చాడు. మధ్యాహ్నానికి పార్లరు నడిచింది, ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది. ఆరో నెలకు మా నాన్న వాడితో మాట్లాడాడు.

పెద్దాయన ఆ సంగతి నాతో ఎన్నడూ ఎత్తలేదు. నేను ఏది కొనడానికి వెళ్లినా, నన్నేమీ అడగకుండా, తన బోర్డు మీద తనే పెట్టి, కూత విని, అప్పుడు కట్టి ఇచ్చేవాడు. ఇంకెవరికీ అలా చేసేవాడు కాదు. అది చూస్తూ నిలబడడం చేతకాక, నేను కోఠిలో కొనడం మొదలుపెట్టాను. తమ్ముడైతే ఆ దుకాణం ముందు నుంచి నడవడం కూడా మానేశాడు, తెలిసినవాళ్లందరికీ అక్కడ కొనవద్దని చెప్పాడు.

మొన్న ఆదివారం మేడ ఎక్కి తమ్ముడికి అంతా చెప్పేశాను. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదో నన్నడిగితే నాకే తెలియదు, మొదట వాడు కోప్పడతాడని భయం, తర్వాత చెప్పే సందర్భం రాలేదని సాకు. "నన్ను అన్నా బాగుండు అక్కా. గా మనిషిని ఎన్ని మాటలన్న," అన్నాడు వాడు. ఆ తర్వాత లేచి చొక్కా మార్చుకుని, "పా, పోదాం," అన్నాడు.

ఆదివారమైనా ఇప్పుడు అబిడ్స్‌లో కొన్ని దుకాణాలు తెరిచే ఉంటున్నాయి. మెట్ల కింద ఫోను కవర్లు వేలాడుతున్నాయి. పెద్దాయన పోయి పన్నెండేళ్లు దాటిందని, ఇంటివాళ్లు కాచిగూడ వైపు వెళ్లారో ఏమో సరిగా తెలియదని పక్క దుకాణంలో చెప్పారు. తమ్ముడు ఆ మెట్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కవర్లు అమ్మే అమ్మాయి మాకేం కావాలని రెండుసార్లు అడిగింది. ఏమీ వద్దని చెప్పి ఆటో ఎక్కి వచ్చేశాం.

ఇప్పటి పిల్లలు, సరిపడని వస్తువు వస్తే పెట్టెలో పెట్టి వెనక్కి పంపుతారు, మరొకటి వస్తుంది. ఎవరినీ తిట్టనక్కర్లేదు, ఎవరూ తలవంచుకోనక్కర్లేదు. సుఖమే, కాదనను. మాకు మాత్రం ఏ తప్పు జరిగినా దానికి ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండేవాడు, పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఎప్పుడు వెళ్లినా కనిపించేవాడు. మా దుకాణం నుంచి అక్కడికి రెండు నిమిషాల నడక. తప్పు నాదేనని చెప్పడానికి మాత్రం నేను వెళ్లలేదు.