వణికిన హ్యాండిల్, మరదలి బియ్యం

టేకుమట్ల నుంచి నా భార్యతో బైకు మీద తిరిగి వస్తుంటే, మొగుళ్లపల్లి ఇంకా రాకముందే, నా చేతుల్లోని హ్యాండిల్ తనంతట తాను వణకడం మొదలుపెట్టింది. రోడ్డు నున్నగా ఉంది. గుంత లేదు, ఎదురుగా బండి లేదు. దిగుడులో కాస్త వేగం అందుకున్నాం, అంతే. ఎవరో ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తున్నట్టు అనిపించింది. ఆ కాసేపు చప్పుడంతా ఎటో పోయింది. పక్కన మక్కచేన్లు చాలా మెల్లగా వెనక్కి కదులుతున్నాయి. నేను బ్రేకు నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో ఇప్పటికీ చెప్పలేను. యాక్సిలరేటర్ మాత్రం వదిలేశాను. బండి నెమ్మదించేకొద్దీ వణుకు దానంతటదే తగ్గింది, నిద్రలో కలవరించిన మనిషి పక్కకు తిరిగి మళ్లీ పడుకున్నట్టు.

బండి ఆగగానే నా భార్య దిగి, కుచ్చిళ్లు సర్దుకుని నడవసాగింది.

“ఎక్కడికి?”

“మొగుళ్లపల్లికి. ఆటో దొరుకుతది.”

“ఆగిపోయింది గదా, ఇంకేం కాదు.”

“ఎందుకు ఊగిందో చెప్పు, ఎక్కుత.”

ఆమె ఆటోలో, ఆ తర్వాత బస్సులో మహబూబాబాద్‌లోని మా ఇంటికి చేరింది. నేను ఒక్కడినే బండి నడుపుకుంటూ వచ్చాను.

టేకుమట్ల ఆమె చెల్లెలి ఊరు. పెళ్లయినప్పటి నుంచి అక్కడికి మేం బండి మీదే పోతాం. ఇంట్లో మాట్లాడుకోని మాటలన్నీ ఆమె ఆ దారిలో మాట్లాడుతుంది. సగం గాలికి పోతాయి, మిగిలిన సగం నా చెవిన పడతాయి. ఆమె ఇక వెనక కూర్చోనంటే నాకు లేకుండా పోయేవి ఆ మాటలే. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ‘బైక్ అదుపు తప్పి’ అని రాస్తూనే ఉన్నాను. ఎందుకు తప్పిందని ఎవరూ అడగలేదు. మొదట అడిగింది ఆమే.

జనగామలో పనిచేసిన రోజుల నుంచి నా బండి చూసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. బండిని మెల్లగా అక్కడికి తీసుకుపోయాను. ఆయన చెప్పేది తానే వింటానని నా భార్య రైల్లో వచ్చింది. మెకానిక్ ముందు చక్రాన్ని పైకి లేపి, హ్యాండిల్‌ను వేలితో కదిపి చూశాడు.

“హ్యాండిల్ తిరిగే బేరింగు, కోన్ సెట్, జర లూజున్నది. టైరు గూడ అరిగింది. వెనక ఏమన్న బరువు కట్టిండ్రా సార్?”

కట్టాం. కొత్త వడ్లు పట్టించినప్పుడల్లా మరదలు ఓ బియ్యం మూట ఇస్తుంది. వద్దంటే అలుగుతుంది. దాన్ని క్యారియర్ కొసకు కట్టుకుని రావడం మాకు అలవాటు.

“మూట కొసకుంటే ముందు చక్రం తేలికైతది సార్. అప్పుడు ఊగుతది.”

“అంటే మా చెల్లె బియ్యం మమ్ముల పడగొడుతయా?” అంది నా భార్య.

“అట్ల అంటలేనక్కా.”

“ఎన్నేండ్లసంది తెస్తున్నం? ఇందాక కేసముద్రంల రైలాగితే చూసిన, పత్తి లారీలు గుట్టల్లెక్క పోతున్నయ్. గవి ఊగుతున్నయా?”

మెకానిక్ నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

“అయితే స్టెబిలైజర్ ఏద్దాం,” అన్నాడతను.

స్టీరింగ్ స్టెబిలైజర్ అంటే సన్నని గొట్టం, అందులో నూనె, దాంట్లో జారే కడ్డీ. హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పితే తిరగనిస్తుంది, విసురుగా కదిలితే అడ్డుకుంటుంది. రెండు రకాలు తెచ్చి చూపించాడు. ఒకటి మామూలుది. ఇంకోదానికి బిగువు పెంచడానికి, తగ్గించడానికి తిప్పే చిన్న మర ఉంది. నా భార్య రెండింటి కడ్డీలనూ లోపలికి నొక్కి, బయటికి లాగి, కళ్లు మూసుకుని చాలాసేపు బిగువు చూసింది. మర ఉన్నదాన్ని నా చేతిలో పెట్టింది.

ఒక కొసను ఫ్రేముకు, ఇంకో కొసను ముందు చక్రం ఫోర్కుకు బిగించాడు. మొదటిసారి హ్యాండిల్ కుడివైపు పూర్తిగా తిరగలేదు. పట్టీని కాస్త జరిపి మళ్లీ బిగించాడు. కోన్ సెట్ సరిచేశాడు, టైరు మార్చాడు. ఆమె మళ్లీ రైలెక్కింది. నా తిరుగుదారిలో మర బిగువు ఎక్కువై, మెల్లగా పోతున్నప్పుడల్లా బండి తాగినట్టు తూలింది. దిగి కొంచెం వదులు చేశాను. ఆ తర్వాత హ్యాండిల్‌ను నీళ్లలో తిప్పుతున్నట్టుంది. పొద్దు వాలుతోంది. వరి మళ్ల మీద పలచటి పొగ. దారి నా కిందికి వచ్చి దానంతటదే పోతోంది.

మళ్లీ టేకుమట్ల పోయే రోజు నా భార్య ఏమీ అడగకుండానే ఎక్కింది. “నేను చూసి తీసుకున్నదే గదా,” అంది.

హ్యాండిల్ కింద మెరుస్తున్న కడ్డీని చూసి మరదలు నవ్వింది. “ఏంది బావా, నువ్వు పట్టాల్సిన చేతికర్ర బండికి పెట్టినవా?”

బయల్దేరేటప్పుడు బియ్యం మూట తెచ్చి గడప దగ్గర దించింది. నేను తాడు కోసం లేవబోయాను.

“బస్సుల ఎయ్యి చెల్లె,” అంది నా భార్య. “మీ బావకు నడుము పట్టుకున్నది.”

నా నడుముకు ఏమీ కాలేదు. మరదలు నన్ను కిందికీ పైకీ చూసి, “గందుకేనా చేతికర్ర,” అంది.

దిగుడు దగ్గర నేను వేగం తగ్గించలేదు. హ్యాండిల్ కదల్లేదు. నా భార్య ఎవరి పెళ్లి గురించో చెబుతూ మధ్యలో ఆగింది.

“ఊగుతలేదు గదా?”

“లేదు.”

“ఎందుకు ఊగుతలేదు?”

కోన్ సెట్ వల్లో, టైరు వల్లో, ఆమె ఎంచుకున్న కడ్డీ వల్లో, వెనక బరువు లేకపోవడం వల్లో నేను చెప్పలేకపోయాను. ఆమె పెళ్లి ముచ్చట మళ్లీ అందుకుంది. అప్పటి నుంచి ప్రతిసారీ బియ్యం బస్సులోనే వస్తున్నాయి. మూట కట్టుకుని ఆ దిగుడు మేం ఇంకా దిగలేదు.