వరండాల పెట్టిన కుర్చీ

గిట్ల వచ్చి కూసో బిడ్డా. కాళ్లు ఊపకు, కలం గట్టిగ పట్టు. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె, నీ దిక్కు నుంచి ఒక్క మాట కలపొద్దు. ఎందుకంటున్ననో విన్నంక నీకే తెలుస్తది.

నేను సంగారెడ్డికి కోడలిగ వచ్చిన కొత్తల మా ఇల్లు కచేరీ ఎనుకనే ఉండె. కచేరీ అంటె కోర్టు. పగటిపూట అన్నం తిని జెర ఒరిగితె, బంట్రోతు పిలిచే పేర్లు కిటికీల నుంచి వచ్చేటియి. ఒక్కొక్క పేరు మూడుసార్లు. సగం నిద్రల ఉంటుంటి గదా, ఎవరో తెలువని మనుషులు వరుసగ మా ఇంట్ల నుంచే నడిచి పోతున్నట్టు అనిపించేది. ఇప్పటికి గూడ మధ్యాహ్నం కన్ను మూస్తె ఆ గొంతు వినొస్తది. పేర్లు మాత్రం ఒక్కటి యాదికి లేదు.

మా మామ వకీలు. చదువంత ఉర్దూలనే. మాట్లాడేది తెలుగే గని, తెలుగు అక్షరం చదవరాదు, పెట్టరాదు. ఆ కాలంల అట్లాంటోళ్లు శానమంది. కోర్టు పక్కన పెంకుల కమ్రా ఒకటి ఉండె, అది వకీళ్ల సంఘానిది. కానూను పుస్తకాలు అందరియి ఒకే అలమారల. ఎవరికన్న జ్వరమొస్తె ఆయన కేసుకు ఇంకొకరు లేచి తారీఖు అడుగుతుండె. పొద్దుగాల జడ్జి ముంగట కొట్లాడుకున్నోళ్లే, పగటీలి ఆ కమ్రాల ఒకరి డబ్బల రొట్టె ఇంకొకరు తింటుండె.

ఆ సంఘానికి ఒక రివాజు ఉండె. కొత్తగ చేరెటోడు తన కుర్చీ తనే చేయించుకొని తేవాలె. అందుకే ఏ రెండు కుర్చీలు ఒక్క తీరు లేకుండె. మా మామది టేకుది. వడ్లాయన కుర్చీ ఎడమ చెయ్యి జెర పొట్టిగ కోసిండట. మామ మోచెయ్యి జారి జారి నల్ల కోటు అక్కడనే చిరిగేది, మా అత్తమ్మ తిట్టుకుంట కుట్టేది.

వకీలు పని మానుకుంటె కుర్చీ ఇంటికి పోతది. సచ్చిపోతె మాత్రం పోదు. దాన్ని వరండాల పెడ్తరు, ఊర్లకెళ్లి పేషీకి వచ్చినోళ్లు కూసోనీకి. పటాన్‌చెరు, ఇంద్రేశం, గడ్డపోతారం నుంచి రైతులు బండ్ల మీద, నడుచుకుంట వచ్చేటోళ్లు. ఇప్పుడు మందుల కంపెనీలున్న దిక్కంత అప్పుడు జొన్న చేన్లే. వాళ్లు కుర్చీని కండువతోని దులిపి, దండం పెట్టి కూసునేది. "పెద్ద వకీలు ఇంకా పని చేస్తనే ఉన్నడు" అనుకుంట నవ్వేది. వానకాలం కోర్టు మూసినంక మా మిద్దె మీదికెళ్లి చూస్తె, తుంపరల ఆ ఖాళీ కుర్చీలే తమ పేరు పిలుస్తరని ఎదురుచూస్తున్నట్టు కనబడేటియి.

ఆ యేండ్లల్లనే కోర్టుల ఉర్దూ తగ్గుకుంట పోయి ఇంగ్లీషు ఎక్కింది. ఒకనాడు మామ లేచి నిలబడితె, కొత్తగ వచ్చిన జడ్జి ఇంగ్లీషుల చెప్పుమన్నడట. మామ చేతిల కాయితాలు మలిచి కూసున్నడట. ఆ పొద్దు ఇంటికొచ్చి కోటు కొక్కానికి తగిలిచ్చిండు. నాలుగు దినాలు తియ్యలే. ఆయన కేసులకు సంఘపోళ్లే లేచి తారీఖులు అడిగిన్రు.

ఐదో దినం నన్ను పిలిచిండు.

"బిడ్డా, కాయితం తే. సంఘానికి రాయాలె. సెక్రటరీ ఆంధ్ర దిక్కు పిలగాడు, ఉర్దూ రాదు. తెలుగుల రాయి."

నేను మిషన్ బడిల ఏడు దాక చదివిన. ఇప్పుడు నువ్వు కూసున్నట్టే కూసున్న. మామ కిటికీ దిక్కు చూసుకుంట చెప్పిండు.

"నేను పని మానుకుంటున్న. నా కుర్చీ ఇంటికి పంపున్రి."

వంటింట్లకెళ్లి అత్తమ్మ అన్నది. "కుర్చీ వస్తె ఏడ పెడ్తరు? మీరు, అది, ఇద్దరు ఒక్క మూలకే కూసుంటరా?"

"నువ్వు పప్పు మాడకుండ చూడు."

కుర్చీ ఇల్లు చేరిందంటె ఇగ ఈయన గడప దాటడు అని నాకు గుబులైంది. కచేరీలనే ఉంటె, దాన్ని చూడనీకన్న పోతడు. నా చెయ్యి నా మాట వినలే బిడ్డా. "నా కుర్చీ వరండాల పెట్టున్రి" అని రాసిన. మామ కింద ఉర్దూల దస్కతు పెట్టిండు.

సాయంత్రం సంఘం సదర్ సాబ్, అంటె అధ్యక్షుడు, మా ఇంటికి వచ్చిండు. ముసలి వకీలు, మా మామకు చిన్ననాటి దోస్తు. చేతిల ఆ కాయితం. నేను పరద ఎనుక నిలబడ్డ.

"ఏం భాయ్, పానం ఉండంగనే వరండాకు పోతనంటున్నవు? సంతాప సభ పెట్టమంటవా? పెడ్తం. నువ్వు గూడ రా, రెండు నిమిషాలు మా ఎంబడే నిలబడు."

మామకు సమజ్ కాలే. "వరండానా? ఎవరన్నరు?"

"నీ కాయితమే అన్నది." సెక్రటరీ చదివి చెప్పిన మాట ఆయన మళ్ల చెప్పిండు.

మామ పరద దిక్కు చూసిండు. ఒక్కసారే. దస్కతు పెట్టినంక అందుల ఏముందో తెల్వదంటె చెల్లదని ఎంతమంది రైతులకు చెప్పిండో ఆయన. అదే మాట ఆయన మెడకు పడ్డది.

"అవు. దస్కతు నాదే. రాసింది రాసిందే" అన్నడు.

తెల్లారి కోటు లేకుండనే పోయి, సంఘపోళ్లు వరండాల పెట్టిన తన కుర్చీల కూసున్నడు. నేను మిద్దె ఎక్కి చూసిన. ఎండ తెల్లగ పరుచుకున్నది, మనుషులు నీళ్లల్ల కదులుతున్నట్టున్నరు. ఇంద్రేశం తాత ఒకాయన రుమాల్ల మూట విప్పి ఒక పాత కాయితం చూపిచ్చిండు. భూమి కాయితం, ఉర్దూది. ఆయన పెట్టుకున్న కొత్త వకీలుకు అది చదవరాదు. మామ చదివిండు. ఇంకొకాయన వచ్చిండు. మామ చుట్టు తలపాగలే తలపాగలు.

పగటీలికి సెక్రటరీ పిలగాడే ఒక ఉర్దూ కాయితం పట్టుకొని బయటికి వచ్చిండట. కుర్చీలన్ని నిండినయి. నల్ల కోటుతోనే మెట్టు మీద కూసున్నడు.

"ఇది కాస్త చదివి పెడతారాండీ?"

"చదువుత. నేను చెప్పింది నువ్వు జడ్జి ముంగట ఇంగ్లీషుల చెప్తవా?"

"చెప్తానండీ."

"అట్లయితె రా, దగ్గరికి జరుగు. మెట్టు కాలుతది, నా కండువ ఏసుకో."

గట్ల నెల గడిచింది. ఒకనాడు సంఘమంత కూడి, సదర్ సాబ్ ఒక దిక్కు, సెక్రటరీ ఒక దిక్కు పట్టుకొని కుర్చీని లోపటికి మోసుకపోయిన్రు. రైతులు ఒప్పుకోలేదట. "మా వకీలును ఏడికి తీస్కపోతున్రు?" అని ఎనుకనే కమ్రాలకు పోయిన్రట. అప్పటి సంది ఆ కమ్రాల రైతులు గూడ కూసునుడు మొదలైంది.

ఆ పొద్దు ఇంటికొచ్చి మామ కోటు కిందికి తీసిండు. ఎడమ మోచెయ్యి చూసుకొని, కుట్టుమని నా చేతికే ఇచ్చిండు. నెల దినాలల్ల ఆ కాయితం ముచ్చట ఒక్కసారి ఎత్తలే. సూదిల దారం ఎక్కుత లేదు. ఆయనే దారం ఎక్కిచ్చి ఇచ్చుకుంట అన్నడు.

"ఇగ ముందు నేను చెప్పింది చెప్పినట్టే రాయి బిడ్డా. ఒకవేళ నేను తప్పు చెప్తున్న అనిపిస్తె మాత్రం..."

ఆఁ, వస్తున్న. రొట్టె చల్లారుతుందట, మీ అమ్మ పిలుస్తున్నది. ఈ ఒక్క మాట రాసి కలం మూత పెట్టు. మామ నవ్వుకుంట ఏమన్నడంటె, అట్ల అనిపిస్తె మాత్రం ఆ రోజు లెక్కనే నీ చెయ్యి చెప్పింది రాయి అన్నడు.