ఇంగ్లీషు పారాయణ

విజయనగరం ఆస్పత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చిందన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది ఆమదాలవలస స్టేషన్లో సోడాలమ్మే ఆవిడ. అరవైల చివరి సంవత్సరాలవి. నాకు పదహారో ఏడు. మా మేనత్త అప్పటికి ఆరు నెలలుగా దగ్గుతోంది. కన్నతల్లి ముఖం నాకు గుర్తు లేదు. నన్ను పెంచింది ఆవిడే.

"బాబూ, ఊపిరితిత్తుల జబ్బుకి ఆ డాక్టరమ్మ చెయ్యి మంచిదట. మలయాళపావిడట. తెలుగు ముక్క రాదట. ఇంగ్లీసొచ్చినోలిని ఎంటబెట్టుకుని ఎల్లాలట" అంది మా నాన్నతో, గుమ్మంలోనే నిలబడి.

నాన్న నా వైపు చూశారు. ఆ చూపులో గర్వం ఉంది.

ఆయన బియ్యం మిల్లులో గుమస్తా. ఐదో తరగతితో నన్ను బడి మాన్పించారు గానీ చదువు మాన్పించలేదు. ఆ రోజుల్లో మా వీధిలో ఏ ఆడపిల్లకూ దక్కని భాగ్యమది. ఆ ఋణం నేనెప్పుడూ మరిచిపోలేదు. సాయంత్రం దీపం పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కుని, స్తోత్రాలు చదివిన చాప మీదే కూర్చుని ఇంగ్లీషు రీడరు తెరవాలి. పుస్తకం వ్యాసపీఠం మీద ఉండాలి. పాఠం మొదలుపెడితే చివరిదాకా తప్పు పోకుండా, గొంతు తగ్గకుండా చదవాలి. మధ్యలో "దీని అర్థం ఏమిటి నాన్నా?" అంటే ఆయనకు నచ్చేది కాదు. "పారాయణ మధ్యలో ఆగుతారా? చదవగా చదవగా అర్థం అదే వస్తుంది" అనేవారు. ఆయన కూడా అలాగే నేర్చుకున్నారు పాపం. మూడేళ్లలో రీడరు మొత్తం నాకు కంఠతా వచ్చింది. వినడానికి వచ్చిన చుట్టాలు చేతులు జోడించేవారు.

ఆస్పత్రికి మాతో ఆయనే రావాల్సింది. "నీ అంత ఉచ్చారణ నాకు లేదమ్మా" అని తప్పుకున్నారు.

నేనూ అత్తా స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు సోడాలావిడ నా ఎదుట నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఏదీ, డాక్టరమ్మతో ఏటంటావో ఓపాలి సెప్పు, సూద్దాం."

రీడరులో మొదటి పాఠం గడగడా అప్పజెప్పాను. ఆవిడ పడీ పడీ నవ్వింది.

"నీది పూజింగ్లీసే గుంటా! నాది పొట్టకూటింగ్లీసు. బండిలో ఆయన హౌమచ్ అన్నాడనుకో, నాను నోరిప్పకపోతే బండెల్లిపోతాది. తెలీకపోతే వాట్ సార్, వాట్ సార్ అని సొక్కా అట్టుకు అడుగుతాను. నీ పుస్తకాన్ని అలాగ అడిగినావేటి ఎప్పుడైనా?"

"నోర్ముయ్యే!" అంది అత్త, దగ్గు మధ్యలో. "మా పిల్ల సదివితే సరస్వతమ్మ కూకుని ఇంటాది."

రైలు గరివిడి దాటుతుంటే అత్త అక్కడి ఫ్యాక్టరీ పొగగొట్టం చూపించి, "అదీ నాలాగే దగ్గుతున్నాదే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నోట్లో పాఠాలు తిరుగుతున్నాయి.

డాక్టరమ్మ మంచి మనిషి. అత్త వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు విన్నది. ఎక్స్‌రే తీయించింది. తర్వాత నాకేసి తిరిగి మాట్లాడింది. నేను చదివిన ఇంగ్లీషుకూ ఆ ఇంగ్లీషుకూ పొంతన లేదు. పుస్తకంలో మాటకూ మాటకూ మధ్య జాగా ఉండేది, ఆవిడ నోట ఏటి నీళ్లలా ఒకే ధార. మిల్క్ తెలిసింది. టాబ్లెట్ తెలిసింది. తక్కినది చెవి మీదుగా పోయింది. పెద్దవాళ్లు చెబుతుంటే అడ్డం అడగకూడదని నేర్చుకున్న దాన్ని. "యస్ డాక్టర్" అన్నాను. ఆవిడ అదే మాట రెండోసారి చెప్పింది. "యస్ డాక్టర్." మూడోసారి కలం పక్కన పెట్టి, వేలెత్తి, నా కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పి, అర్థమైందా అని అడిగింది. ఆ ప్రశ్న మాత్రం నాకు తెలిసింది.

"యస్ డాక్టర్."

బయటికొచ్చాక వరండాలో అత్త అడిగింది. "ఏటందే?"

"పాలు తాగమంది. మాత్రలు రోజూ వేసుకోమంది."

"ఎన్నాల్లు?"

"తగ్గేదాకా" అన్నాను.

దేవుడి ఎదుట కూడా ఆ మాట నేను మార్చుకోలేను. నేనే అన్నాను.

మూడో నెలకి దగ్గు తగ్గింది. అత్త బుగ్గలు నిండాయి. మా వైపు జబ్బు నెమ్మదిస్తే మందు ఆపి, తలంటు పోసుకుని, పథ్యం విరిచి, అమ్మవారికి చలివిడీ పానకమూ పెడతారు. అన్నీ చేశాం. మిగిలిన మాత్రలు అత్త డబ్బాలో పోసి వంటింటి గూట్లో దాచింది, రేపు ఇంకెవరికైనా దగ్గొస్తే అక్కరకొస్తాయని.

అప్పటికి సోడాలావిడ మాట నాలో పనిచేయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లెవరూ లేరు, కాబట్టి నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. బియ్యం కడుగుతూ బియ్యం కడుగుతున్నానని, బట్టలు ఆరేస్తూ బట్టలు ఆరేస్తున్నానని ఇంగ్లీషులో అనుకునేదాన్ని. మాట దొరక్కపోతే పని ఆపి నాన్న నిఘంటువు తిరగేసేదాన్ని. మొదట్లో సగం పనులకు పేర్లే లేవు. నెల తిరిగేసరికి నా నోటికి నా సొంత వాక్యాలు రాసాగాయి. ఇంగ్లీషు ఎలా వచ్చిందని ఇప్పుడెవరైనా అడిగితే ఇదే చెబుతాను. రీడరు చదివిన మూడేళ్ల కన్నా ఇలా నాతో నేను మాట్లాడుకున్న మూడు నెలలే ఎక్కువ నేర్పాయి.

ఒకరోజు మినప్పప్పు రుబ్బుతున్నాను. మెత్తబడేదాకా ఆపకూడదు అని ఇంగ్లీషులో అనుకోబోయాను. అర్థం తెలియనివి కూడా చెవిలో దాచుకోవడం స్తోత్రాలు నాకిచ్చిన అలవాటు. నా వాక్యానికి బదులు డాక్టరమ్మ వాక్యం, మూడుసార్లు విన్నది, అదే గొంతుతో బయటికొచ్చింది. ఈసారి అర్థంతో సహా వచ్చింది. ఒంట్లో బాగైనా సరే, నేను చెప్పేదాకా మాత్రలు ఆపకూడదు. ఏడాదిన్నర పడుతుంది. ఆపితే మళ్లీ వస్తుంది, అప్పుడు ఈ మందు పనిచేయదు.

పొత్రం మీద చెయ్యి ఉండిపోయింది. పక్క గదిలో అత్త దగ్గుతోంది. పదిహేను రోజులుగా దగ్గుతోంది. మంచు పడుతోంది కదా, అందుకే అనుకుంటున్నాం.

పిండి చేతులతోనే వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి చెప్పాను. అంతా చెప్పాను. అత్త తన కొంగుతో నా చేతుల పిండి తుడిచింది.

"నీకర్తం అవనేదని నాకా దినమే తెలుసే" అంది.

"మరి అడగలేదేం అత్తా?"

"నలుగురిలో అడిగితే నీ మొకం సిన్నబోతాది కదా. ఇంటికొచ్చినాక అడుగుదునా, మీ నాయన ఇంటాడు. ఆడికి నీ ఇంగ్లీసంటే ఎంత గొప్పో. పోన్లే, తగ్గిపోనాది కదా అనుకున్నాను."

మళ్లీ వెళ్లాం. నాన్న కూడా వచ్చారు. గోడవార నిలబడ్డారు. డాక్టరమ్మ రెండు మాటలు మాట్లాడగానే, "నాకు అర్థం కాలేదు, దయచేసి నెమ్మదిగా మళ్లీ చెప్పండి" అన్నాను ఇంగ్లీషులో. నా జీవితంలో నేను ఎదుటి మనిషితో అన్న మొదటి ఇంగ్లీషు వాక్యం అదే. ఆవిడ విసుక్కోలేదు. కాగితం మీద రెండు ఊపిరితిత్తులు గీసి, ఎక్కడెక్కడ పాడైపోయిందో నల్లగా నింపుతూ చెప్పింది. ఆ మందుకు జబ్బు ఇక లొంగదు. వేరే మందుంది గానీ దాన్ని తట్టుకునే ఒళ్లు కాదు అత్తది. ఒక్క మాట కూడా నాకు తప్పిపోలేదు.

అదే వరండా. అత్త మళ్లీ అడిగింది. "ఏటందే?"

విన్నది విన్నట్టు చెప్పాను. నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఈపాలి బాగా సెప్పినావు" అంది అత్త. నా తల మీద చెయ్యేసింది. "ఊరుకో. ఏడిస్తే బండి తప్పిపోతాది."

ఆ వేసవి దాటలేదు ఆవిడ.

తర్వాత నాన్న నన్ను పాఠం చదవమనలేదు. నేనే చదివాను. పెళ్లయ్యాక చాలా ఏళ్లు చుట్టుపక్కల పిల్లలకు ఇంట్లో ఇంగ్లీషు చెప్పాను. మొదటి రోజున వాళ్లకు అక్షరాలు చెప్పేదాన్ని కాదు. "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అన్న వాక్యం చెప్పి, సిగ్గు పోయేదాకా నా ముఖం మీదే అనిపించేదాన్ని. ఆ భాష నాకు తిండి పెట్టింది, గౌరవం ఇచ్చింది. భగవంతుడి దయ, నాన్న పెట్టిన భిక్ష అనుకుంటాను. నా తప్పుకు మాత్రం క్షమ దొరికిందని ఎప్పుడూ అనుకోలేదు. అది ఇవ్వగలిగిన మనిషి, నేను అడిగి పుచ్చుకునే వీలు లేకుండా, అడగక ముందే ఇచ్చేసి వెళ్లిపోయింది.

ఇది చదివేవాళ్లను ఒకటే కోరుతున్నాను. మా అత్తకు పిల్లలు లేరు, ఫొటో లేదు, ఆవిడను గుర్తుపెట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. మీరు దీపం పెట్టేటప్పుడు, మీ వాళ్లందరి తర్వాత, ఒక్కసారి ఆవిడను కూడా తలుచుకోండి.