కాలువ లెక్కతో వేసిన టార్పెడో

సముద్రానికి డెబ్భై కిలోమీటర్ల దూరంలో, విజయవాడలో మా మూడో అంతస్తు గదిలో కూర్చుని నేనొక నౌకా విపత్తును సృష్టించాను. చదివి తనివితీరా నవ్వుకోండి. నా లెక్క తప్పిందని మాత్రం అనవద్దు.

నీటిపారుదల శాఖలో ముప్పయ్యారేళ్లు కాలువల పటాలు గీసినవాణ్ని. అంకె తోడులేని మాట నా దృష్టిలో పుకారు. అటువంటి నన్ను, ఆటోనగర్‌లో గేర్ల వర్క్‌షాప్ నడిపే మా బావమరిది ప్రభాకరం, మూడేళ్ల క్రితం కంప్యూటరులో జలాంతర్గామి ఆటలోకి దింపాడు. అతను కెప్టెన్, నేను గురి లెక్కలవాణ్ని. శత్రు ఓడ వేగం, దూరం, అది పోతున్న కోణం తెలిస్తే టార్పెడో ఎటు వదలాలో తేలుతుంది.

"ఆ లెక్కంతా కంప్యూటరే చేస్తది బావగారూ. మీట నొక్కితే చాలు."

"మీట నొక్కడానికి నేనెందుకయ్యా? మీ వర్క్‌షాప్ వాచ్‌మన్ సరిపోతాడు."

పంతం పట్టి కాగితపు చక్రాలు గీశాను. పెద్దదాని మీద చిన్నది, మధ్యలో రవికె గుండీ. తిప్పితే కోణం వస్తుంది. గవర్నర్‌పేటలో అట్ట కాగితం మీద ప్రింటు తీయించి, అక్కడే స్కేలుతో కొలిచాను. అర మిల్లీమీటరు తేడా లేదు. "శుభలేఖలక్కూడా ఇంత కొలవరండీ" అన్నాడు దుకాణదారు.

ఇక ఎడమ, కుడి. మా శాఖలో ప్రవాహం పోయే వైపు ముఖం పెట్టి గట్లకు పేర్లు పెడతాం. విజయవాడ కృష్ణకు ఎడమ గట్టున ఉన్నది ఆ లెక్క ప్రకారమే. సముద్రానికి ప్రవాహం లేదు గనుక, మా జలాంతర్గామి పోయే దిక్కునే ప్రవాహంగా తీసుకుని శత్రు ఓడకు ఎడమ కుడులు నిర్ణయించాను. పన్నెండు పరీక్షలు చేస్తే పన్నెండు ఓడలు మునిగాయి. వెంటనే ఆ చక్రాల పటాన్ని, ఎవరైనా ప్రింటు తీసుకునేలా, మా ఆటగాళ్ల ఆన్‌లైన్ బృందంలో పెట్టి పైన 'దోషరహితం' అని రాశాను. ఇప్పటికీ ఆ మాట చూస్తే చెవులు వేడెక్కుతాయి.

ఆదివారం పోటీ. ప్రభాకరం షరతు పెట్టాడు: "ఇవాళ గురి తప్పిందంటే చక్రం అటకెక్కాల్సిందే. రేపట్నుంచి మీటే."

"ఒప్పుకున్నాను."

ఒకే టార్పెడో మిగిలింది. దూరాన శత్రు ఓడ కనిపించింది. నేను చక్రం తిప్పుతూ ఉండగా, వెనుక చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా ఆవిడ సుశీల తల ఎత్తింది.

"ఏమండీ, ఆ ఓడ మనకి ఎదురొస్తోంది కదా?"

"వస్తే?"

"బందరు రోడ్డు మీద ఎదురొచ్చే ఆటోకి ఎడమంటే మనకి కుడి కాదూ?"

"సుశీలా, ఇది ఆటో కాదు."

"పోనీ బావగారూ," అన్నాడు ప్రభాకరం, "ఓడ కుడికి జరుగుతుంటే మీరు ఎడమకి వెయ్యమంటున్నారేంటి? కళ్లకి కనపడతా ఉంది!"

"కళ్లు కొలత సాధనాలు కావు. ఎడమకు పదకొండున్నర డిగ్రీలు. వదులు!"

వదిలాడు. టార్పెడో సరిగ్గా పదకొండున్నర డిగ్రీల ఎడమకు దూసుకుపోయింది. శత్రు ఓడ కుడివైపు నింపాదిగా సాగిపోయింది. ఎడమన మంట లేచింది. తెరమీద అక్షరాలు: మీ పక్షపు చమురు ఓడ మునిగింది.

సుశీల మరో చిక్కుడుకాయ ఈనె తెంపింది.

"మన డీజిలే అక్కా!" అన్నాడు ప్రభాకరం నీరసంగా. "ఇంటికెళ్లడానిక్కూడా లేదు."

పరీక్షల కాగితాలు తిరగేశాను. ముంచిన పన్నెండు ఓడలూ మేము పోయే దిక్కుకే పోతున్నవి. ఒక్కటీ ఎదురు వచ్చింది కాదు.

"ఇప్పుడేమంటారు?" అంది సుశీల.

"చక్రం పదకొండున్నర అంది, టార్పెడో పదకొండున్నరకే పోయింది. తప్పు ఎక్కడ? ఆ ఓడే ప్రవాహానికి ఎదురు వచ్చింది."

షరతు ప్రకారం చక్రం అటకెక్కింది. మర్నాడు ప్రభాకరం వర్క్‌షాప్‌కు పోగానే స్టూలు వేసుకుని దింపుకున్నాను.

ఆ చక్రం సాక్షిగా నేటికీ పాటిస్తున్న నా ప్రతిజ్ఞ ఇది: ఎదురుగా వచ్చే ఓడపై ఈ జన్మలో టార్పెడో వేయను. చక్రంలో ఒక్క గీతా మార్చను. ఆ ఓడ తిరిగి మా దిక్కుకు పోయేదాకా, ఎన్ని గంటలైనా సరే, నీళ్ల కిందే ఉంటాను.