బేస్‌మెంట్‌లో ఐర్లండ్ బండి

మొన్న శనివారం మా అమ్మాయితో కలిసి న్యూయార్క్ వెళ్ళే లోకల్ రైలెక్కాను. కిటికీ పక్క సీటు నాకిచ్చి, తను ఫోన్ చూసుకుంటూ, "నాన్నా, ట్రైన్ సెవెంటీ వెళ్తుంది, తెలుసా?" అంది. ఫోన్ లేకుండానే ఆ సంగతి చెప్పగలిగే రోజులు నాకూ ఉండేవని చెప్పాను. పట్టాల అతుకుల మీద చక్రం కొట్టే దెబ్బల్ని అరనిమిషానికి కాస్త తక్కువసేపు లెక్కపెడితే, వచ్చిన అంకే గంటకు ఎన్ని మైళ్ళో చెప్పేస్తుంది. అమెరికా పట్టా పొడవుకు కుదిరే లెక్క అది. ఎవరూ నేర్పలేదు, నేనే కట్టుకున్నాను. మా అమ్మాయి ఒక్క క్షణం చెవి ఒగ్గి, "సౌండ్ ఏం లేదు కదా నాన్నా" అంది. నిజమే. ఇప్పుడు పట్టాలన్నీ అతికించి ఒకే పొడవు చేసేశారు. రైలు మంచు మీద జారినట్టు పోతోంది. ఆ నిశ్శబ్దంలో మా మొదటి ఇంటాయన గుర్తుకొచ్చారు.

డెబ్బైల చివర మేము న్యూజెర్సీలో దిగాం. దిగాం అనడం కూడా పొగడ్తే. మా ఆవిడ నర్సు. ఉద్యోగం ఆవిడకొచ్చింది, వీసా ఆవిడకొచ్చింది, గూడ్సు బండికి చివర తగిలించిన పెట్టెలా నేను వెనక వచ్చాను. చదువు మధ్యలో ఆపేసినవాణ్ణి. అంకెలంటే మాత్రం చిన్నప్పట్నుంచీ ఇష్టం, ఆ ఇష్టం చూసే మరలూ మేకులూ అమ్మే గోడౌన్‌లో సరుకు లెక్కచూసే పని ఇచ్చారు. ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకు నాలుగు వీధుల అవతల ఒక రెండంతస్తుల చెక్క ఇంట్లో పైభాగం అద్దెకు తీసుకున్నాం. అప్పటికింకా ఆ రోడ్డు మీద చీరల కొట్లూ నగల కొట్లూ రాలేదు. కందిపప్పు కావాలంటే న్యూయార్క్ దాకా పోయేవాళ్ళం. కింది భాగంలో ఇంటాయన ఒక్కరే ఉండేవారు. ఐర్లండ్ మనిషి. లిఫ్టులు బాగుచేసే పనిలో జన్మంతా గడిపి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. మాటలు తక్కువ. మా ఆవిణ్ణి 'సిస్టర్' అని పిలిచేవారు. అమెరికాలో నర్సును అలా పిలవరు. ఆ పిలుపు వినగానే మా ఆవిడ మొహం గుంటూరు ఆసుపత్రిలో ఉన్నట్టు వెలిగేది. మూడు నెలలపాటు ఆ పిలుపు తప్ప మా మధ్య పెద్దగా మాటల్లేవు.

మమ్మల్ని కలిపింది ఒక తెలుగు మాట. తెలుగు మాట అనే మేం అనుకునేవాళ్ళం. నేను కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న రోజులు. ఇంటి పక్క సందు సన్నం. ఒకవైపు కంచె, ఒకవైపు ఇంటాయన కారు. నేను కారు వెనక్కి తీస్తుంటే మా ఆవిడ పై కిటికీలోంచి, "రండి, రండి... ఆగండి... ఎడమకి తిప్పండి... ఆఁ, లైన్ క్లియర్!" అని అరిచేది. మావాళ్ళింట్లో ఆ మాట ఉప్పులాగా అన్నిట్లోనూ పడుతుంది. స్నానాలగది ఖాళీ అయితే లైన్ క్లియర్, పెళ్ళికి పెద్దలొప్పుకుంటే లైన్ క్లియర్. మా మామగారు నరసాపురం బ్రాంచి లైనులో చిన్న స్టేషన్‌కు మాస్టరు మరి. ఒక రోజు ఆ అరుపు విని, గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్న ఇంటాయన కత్తెర ఆపేసి పైకి చూశారు.

"సిస్టర్, ఇప్పుడేమన్నావు?"

మా ఆవిడ భయపడింది. ఆయన కారును నేను గీకానేమోనని నాకూ భయమేసింది. "ఏం లేదు సార్, లైన్ క్లియర్ అన్నాను" అంది.

"ఆ మాట నీకెక్కడిది? ఈ దేశంలో ఎవరూ అనరే."

"మా నాన్నగారు స్టేషన్ మాస్టర్ సార్."

ఆయన కత్తెర కింద పెట్టారు. తర్వాత, "మా నాన్న కూడా" అన్నారు. అనేసి, బూట్ల మట్టి కూడా దులపకుండా తలుపు తీసి మమ్మల్ని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళారు.

బేస్‌మెంట్ అంటే బట్టలుతికే యంత్రం, పాత కుర్చీలు ఉంటాయనుకున్నాం. దీపం వేయగానే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. రెండు గోడల పొడవునా, నడుమెత్తు బల్లల మీద ఒక ఊరు ఉంది. ఒకే ప్లాట్‌ఫారం ఉన్న స్టేషన్, దాని పక్క సిగ్నల్ కేబిన్, నీళ్ళ ట్యాంకు, గూడ్సు షెడ్డు, రాతి వంతెన, వంతెన కింద వాగు, వాగు గట్టున పాలడబ్బాల బండి లాగుతున్న గాడిద. ఆ గాడిద నా బొటనవేలి గోరంత ఉంది, దానికి కళ్ళెం ఉంది. ఇళ్ళ కప్పులన్నీ తడిగా మెరుస్తున్నాయి. పైనుంచి నీళ్ళు కారుతున్నాయేమోనని నేను పైకప్పు చూశాను. "వార్నిష్" అన్నారు ఇంటాయన. "మా ఊళ్ళో ఎప్పుడూ వానే." మీట నొక్కితే నల్లటి ఇంజను ఒకటి మూడు పెట్టెలు లాక్కుంటూ వంతెన దాటి వచ్చి, ప్లాట్‌ఫారం దగ్గర ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. గుడికెళ్ళినా నేను అంత నిశ్శబ్దంగా నిలబడను.

ఆ పట్టాలు కూడా ఆయన చేసినవే. అమెరికా బొమ్మరైళ్ళ కొట్లలో దొరికే పట్టాలు అమెరికా రైళ్ళ వెడల్పుకు సరిపోయేవి. ఐర్లండ్ పట్టాలు అంతకన్నా ఎడంగా ఉంటాయి. "మాది బ్రాడ్‌గేజ్" అన్నారాయన గర్వంగా. "మాదీ బ్రాడ్‌గేజే" అంది మా ఆవిడ, ఆయనకేం తీసిపోకుండా. తీరా చూస్తే వాళ్ళది అయిదడుగుల మూడంగుళాలు, మనది అయిదున్నర అడుగులు. ఆ మూడంగుళాల దగ్గర ఇద్దరికీ చిన్న వాదన జరిగింది. ఏది అసలైన బ్రాడో తేలలేదు. ఆయన కొలత అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు. నేను మనసులోనే గుణించి, "అయితే పట్టాల మధ్య ఇరవయ్యొక్క మిల్లీమీటర్లుండాలి" అన్నాను. ఆయన నా వంక మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు. కొట్టువాళ్ళు ఆయనతో, దొరికే పట్టాలే వేసుకోవయ్యా, నాలుగున్నర మిల్లీమీటర్ల తేడా ఎవరు చూస్తారు అన్నారట. "మా అక్క చూస్తుంది అని చెప్పాను" అన్నారు.

ఆ అక్కే అసలు సంగతి. వాళ్ళ నాన్న మాస్టరుగా చేసిన ఆ స్టేషన్ ఇప్పుడు లేదు. ఈయన కుర్రతనంలో ఓడెక్కి వచ్చేశాక ఆ లైను మూసేశారు, పట్టాలు పీకేశారు, కేబిన్ పడగొట్టారు. ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆయన జ్ఞాపకంలోంచే అంతా కట్టారు. "రోజూ చూసినవాటికి అనుమానం ఉండదనుకున్నాను. కట్టడం మొదలుపెట్టాక ప్రతిదీ అనుమానమే. ఇది మా ఊరో, నేను కల్పించుకున్న ఊరో చెప్పగలిగింది ఇప్పుడు అక్క ఒక్కతే" అన్నారు. ఆవిడ ఐర్లండ్‌లోనే ఉంది. ఎప్పట్నుంచో రమ్మంటున్నారు. బేస్‌మెంట్ సంగతి మాత్రం ఆవిడకు చెప్పలేదు.

తర్వాత ఏళ్ళలో సెలవురోజు మధ్యాహ్నాలు నేను అక్కడే ఉండేవాణ్ణి. మా ఆవిడ, "మీ ఐర్లండ్ డ్యూటీ అయిందా?" అని పైనుంచి పిలిచేది. చివరికి ఒక వేసవిలో అక్కగారు రావడానికి ఒప్పుకున్నారు. ముగ్గురం కలిసి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాం. ఆవిడ ఒక ఉద్యోగి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఇంటాయన ఎదురుగా నిలబడి నవ్వుతున్నారు. ఆవిడ ఆయన పక్కనుంచి దాటి వెళ్ళిపోయింది. మా ఆవిడ నర్సు గనక అందరికన్నా ముందే అర్థం చేసుకుంది. వెలుతురూ చీకటీ తప్ప ఆవిడకేమీ తెలియదు. రెండేళ్ళయిందట. "రాస్తే నువ్వు బాధపడతావు, అందుకని రాయలేదు" అంది తమ్ముడితో. ఉత్తరాలు పక్కింటివాళ్ళ చేత రాయించేదట.

ఇంటాయన బేస్‌మెంట్ తలుపు మూసేశారు. ఆ వారం కిందికి వెళ్ళలేదు. నేను అడిగితే, "చూపిస్తే ఏం లాభం? చేత్తో తడిమి, పాపం నా తమ్ముడు కష్టపడ్డాడని, 'చాలా బాగుంది' అంటుంది. ఆ మాట అందంటే మొత్తం విప్పి పారేస్తాను" అన్నారు. ఊరికే అన్న మాట కాదది. స్క్రూడ్రైవర్ అప్పటికే వంటింటి బల్ల మీద పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం మా ఆవిడ చారులో పోపు వేస్తూ, "మగవాళ్ళకి కళ్ళొక్కటే ఉంటాయా ఏమిటండీ?" అంది. "మా క్వార్టర్స్‌లో వంటింటికి కిటికీ వెనకవైపు ఉండేది. అమ్మ ఒక్క బండినీ చూసెరగదు. అన్నీ విన్నదే. వెనక స్టేషన్‌లో బండి బయల్దేరిందని మా స్టేషన్‌లో గంట మోగితే ఎసరు పెట్టేది. స్టేషన్ మాస్టరు ఇంట్లో బండి కనిపించక ముందే వచ్చేస్తుందండీ."

పోపు చిటపటలు ఆగకముందే, చూపించక్కర్లేదు, వినిపిద్దామని చెప్పడానికి కిందికి పరిగెత్తాను.

అక్కగారిని మా ఆవిడ పార్కుకు తిప్పుతున్న వేళల్లో మేమిద్దరం పని చేశాం. ముందు గంట. కొట్లో తెచ్చిన కాలింగ్‌బెల్ ఏదీ ఆయనకు నచ్చలేదు. "అది గంట కాదు, కందిరీగ" అనేవారు. చివరికి మా ఆవిడ తన పెళ్ళినాటి కంచు గిన్నె తెచ్చి బోర్లించింది. కాలింగ్‌బెల్ సుత్తి దాని అంచుకు తగిలేలా పెట్టి మీట నొక్కితే ఆయన కళ్ళు మూసుకుని, "ఇంకోసారి" అన్నారు. తర్వాత పట్టాల చప్పుడు. ఆయన పట్టాలు నున్నగా, అతుకుల్లేకుండా ఉన్నాయి. చిన్నప్పుడు అతుకుకూ అతుకుకూ మధ్య స్లీపర్ చెక్కలు లెక్కపెడుతూ గెంతేవారట, ఆ అంకె ఇంకా నోటికుంది. ఆ లెక్కన నేను గుర్తులు పెట్టాను, ఆయన సన్నటి రంపంతో పట్టా మీద గాట్లు కోశారు. ఇక బండి ఎంత వేగంతో పోవాలో కట్టాలి. కాగితం మీద కడుతూ కడుతూ నేను ఆగిపోయాను. పొడవు డెబ్బై ఆరో వంతుకు తగ్గింది. వేగాన్నీ అంతే తగ్గిస్తాం. దెబ్బకూ దెబ్బకూ మధ్య పట్టే కాలం మాత్రం తగ్గదు, అసలు బండికి ఎంతో దీనికీ అంతే. ఇంజనుకు స్కేలుంది, గాడిదకు స్కేలుంది, కాలానికి స్కేలు లేదు. రెండుసార్లు సరిచూశాను. ఇంటాయనకు చెబితే ఆయన ఆ కాగితం తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు.

గంట కొట్టిన వెంటనే బండి వదలాలని మా ఉద్దేశం. మా ఆవిడ ఒప్పుకోలేదు. "గంట కొట్టగానే వచ్చేస్తే అది బొమ్మ సార్. ఆగాలి. ఎసరు మరగాలి." పక్క స్టేషన్ నుంచి తమ స్టేషన్‌కు బండి ఎంతసేపట్లో వచ్చేదో ఇంటాయన గుర్తు చేసుకుని, వాచీ చూసి వదలాలని నిర్ణయించుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. కింద చల్లగా ఉంటుందని చెప్పి అక్కగారిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. ఆవిడ మా ఆవిడతో అమెరికా రొట్టె గురించి ఫిర్యాదు చేస్తోంది. "దూదిలా ఉంటుందమ్మా. పంటికి ఏదైనా తగలాలి కదా. మా ఊళ్ళో అయితే..." అప్పుడు గంట మోగింది. ఒకటి, ఆగి, మళ్ళీ. ఆవిడ మాట మధ్యలోనే ఆగింది. అదేమిటని అడగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటాయన వాచీ చూసి, సమయం కాగానే మీట తిప్పారు. బండి కదల్లేదు.

మళ్ళీ తిప్పారు. గోడ మూల, బల్ల చివర, ఇంజను మొరాయించి నిలబడింది. ఆయన మెడ మీద చెమట కనిపిస్తోంది. మా ఆవిడ నా చొక్కా చెయ్యి మెలితిప్పేస్తోంది. ఆయన వంగి, వేలి కొసతో ఇంజనును తాకారు, ఏదో కుట్టినట్టు వణికి అది కదిలింది. టక టక, టక టక. వంతెన మీదకు రాగానే అడుగు పలచటి చెక్క గనక చప్పుడు బోలుగా మారింది. అది మేం అనుకుని చేసింది కాదు. ఆవిడ మొహం ఆ వైపు తిరిగింది. లేచి నిలబడింది. జుట్టు వెనక్కి సవరించుకుంది, గౌను మడతలు దులుపుకుంది, పెద్దవాళ్ళు చూసే చోట నిలబడే పిల్లలా. బండి నెమ్మదించి, ప్లాట్‌ఫారం దగ్గర ఆగింది. ఇంటాయన మీట మీద చెయ్యి తీయలేదు. ఆవిడ నోట్లోంచి వచ్చే మాట కోసం ఆయన చూస్తున్న చూపు నేను ఆసుపత్రి వరండాల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

"ఇవాళా లేటే" అంది ఆవిడ విసుగ్గా. "ఇక నాన్న భోజనం దగ్గర ఎవరితోనూ మాట్లాడడు."

ఇంటాయన కుర్చీలో కూలబడ్డారు. ఆయన నోట వచ్చింది పదేళ్ళ పిల్లవాడి గొంతు. "వంతెన దగ్గర ఆవులు అడ్డొచ్చాయక్కా."

"ఆ ఆవులెవరివో నాకు తెలుసులే" అంది ఆవిడ. అప్పుడు గాని నవ్వలేదు. తర్వాత తమ్ముడి చెయ్యి పట్టుకుని బల్ల అంచు వెంట నడుస్తూ, గంటకూ బండికీ మధ్య ఎంతసేపు పట్టాలో, ఎక్కడ ఆలస్యమైందో చెప్పడం మొదలుపెట్టింది. మా ఇద్దర్నీ మరచిపోయారు. మేం మెల్లగా మెట్లెక్కి పైకి వచ్చేశాం.

పాతికేళ్ళ కిందట పట్టాలు పీకేసిన లైను మీద బండి వచ్చి నిలబడితే, ఎలా వచ్చిందని ఆవిడ అడగలేదు, లేటుగా వచ్చిందని మాత్రమే అంది. కాలంతో అంత చనువుగా కోప్పడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.